పెద్దబాపు చెక్కముక్క

మా చుట్టాల్లో ఎవరింటికి వెళ్లినా నాకు ముందు మంచినీళ్లివ్వరు, చెడిపోయిన సామాను ఇస్తారు. జనగామలో కుట్టుమిషన్లు, గోడ గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం నాది. వాళ్ల లెక్కలో అది బతుకుదెరువు కాదు, చుట్టరికంలో ఒక భాగం. పెళ్లికి పోతే మిక్సీ, గృహప్రవేశానికి పోతే బోరు స్టార్టరు. "ఎట్లాగు వచ్చినవు గదా, జర సూడు" అంటారు. ఆ 'జర' వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. జర చూడటమంటే పూటంతా చూడటమే. అందుకే పెద్దబాపు దినాలకు మొగుళ్లపల్లి బయలుదేరిన రోజు పనిముట్ల సంచి ముట్టుకోనే లేదు. చావింట్లో కూడా మెకానిక్ పని చెప్తారా అనుకున్నాను. మా ఆవిడే ఆ సంచి తెచ్చి నా చేతికిచ్చింది.

"తీస్కపోండ్రి. మీ చుట్టాలు గదా" అంది.

పెద్దబాపు అంటే మా అమ్మ వాళ్ల అక్క భర్త. మాట తక్కువ మనిషి. ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడు. ఏదైనా నచ్చకపోతే తువ్వాల భుజాన వేసుకుని చేనుకు పోయేవాడు. ఆయనకు ఒకటే విద్య వచ్చు. ఇంట్లో ఏది ఊగినా, ఏది చప్పుడు చేసినా, వేపకొమ్మ నుంచి చిన్న ముక్క చెక్కి, దాని చుట్టూ పాత సైకిల్ ట్యూబు పట్టీ చుట్టి ఆ సందులో దూర్చేవాడు. మంచం కోడు కింద ఆ చెక్కే, తలుపు కింద ఆ చెక్కే, గొడ్డలి పిడిలోనూ ఆ చెక్కే. ఆ ఇంటి అల్లుడు, నాకు బావ, మహబూబాబాద్‌లో ఉంటాడు. "మా మామకు అప్పజెప్తె భూకంపానికి గూడ చెక్క వెడ్తడు" అనేవాడు.

పెద్దమ్మ అలా కాదు. మనసులో ఉన్నది ఉన్నట్టే నోట్లోంచి వస్తుంది, అదీ నాలుగిళ్ల అవతలికి వినిపించేలా. పెద్దబాపు ఎప్పుడో హనుమకొండలో పాత సామాన్ల దుకాణంలో ఒక గ్రామఫోను కొన్నాడు. కరెంటు అక్కర్లేదు, పక్కనున్న చావి తిప్పితే పాడుతుంది. దానితో వచ్చిన రికార్డులు ఒక్కొక్కటే పగిలి, చివరికి పద్యనాటకం రికార్డు ఒకటి మిగిలింది. అందులో రాజు వేషం కట్టిన ఎవరో మహానుభావుడు ఒక్కో పద్యం చివర ఊపిరి ఆగిపోతుందేమో అని మనకు భయం వేసేదాకా రాగం తీస్తాడు. పెద్దమ్మకు అదంటే ప్రాణం. రోజూ పొద్దున్నే వాకిలి ఊడ్చి, చావి తిప్పి, ఆ రాజు రాగం తీస్తుంటే తనూ తీసేది.

ఒకరోజు అది ఆగిపోయింది. "నువ్వు గట్టిగ తిప్పినవ్. స్ప్రింగు తెగింది" అన్నాడట పెద్దబాపు. పెద్దమ్మ రెండు పూటలు అన్నం తినలేదు. అది మళ్లీ పాడిన రోజే తాను పాడతానని దేవుడి ముందు దండం పెట్టుకుంది. ఆనాటి నుంచి ఆమె నోట పద్యం వినలేదు ఎవరూ. పెట్టెను నేను విప్పి చూస్తానని అన్నప్పుడల్లా పెద్దబాపు చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"వద్దు కొడుకా. దాని పని అయిపోయింది. నీకెందుకు పరేషాన్" అనేవాడు.

మొత్తం మా బంధువర్గంలో నన్ను పని చేయొద్దన్న ఏకైక మనిషి ఆయనే. అందుకని ఆయనంటే నాకు ఎక్కడలేని గౌరవం ఉండేది. అది ఎంత పిచ్చి గౌరవమో దినాల నాడు తెలిసింది.

దినాల నాడు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఇస్తారాకులో పెట్టి, చేను దగ్గర ఉంచి అందరం దూరం జరుగుతాం. కాకి వచ్చి ముట్టాలి. పిట్ట ముట్టాకే ఇంటివాళ్లకైనా, వచ్చినవాళ్లకైనా భోజనం. ముట్టలేదంటే పోయినవాడికి కోరిక మిగిలినట్టు, లేదా ఎవరిమీదో కోపంతో పోయినట్టు. పత్తిచేను గట్టు మీద పెద్దబాపుకు బగారన్నం, మటన్, సర్వపిండి, చిన్న ముంతలో కల్లు, బీడీకట్ట, అగ్గిపెట్టె అన్నీ అమర్చాం. ఎదురుగా తాటిచెట్టు మీద ఒకే ఒక కాకి ఉంది. అది ఇస్తారాకు వైపు చూసింది, మా వైపు చూసింది, తర్వాత తల తిప్పుకుని ఈకలు సవరించుకుంటూ కూర్చుంది.

కోతులకు మాత్రం ఏ పట్టింపూ లేదు. గుంపుగా వచ్చాయి. పెద్దబాపు తమ్ముడు, అదే వాకిట్లో పక్క పోర్షన్‌లో ఉండే చిన్నబాపు, గులేరు పట్టుకుని వాటి మీదికి రాళ్లు విసురుతూ కాపలా కాశాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇంటి ముందు వేసిన టెంటులో ఊరివాళ్లు, టేకుమట్ల నుంచి వచ్చిన వియ్యాలవారు, అందరూ మటన్ వాసన పీలుస్తూ కూర్చున్నారు. వాసనతో కడుపు నిండదు కదా. ఒక్కొక్కరే గట్టు దగ్గరికి వచ్చి పెద్దబాపుకు మాట ఇవ్వడం మొదలుపెట్టారు. చేను అమ్మబోమన్నారు. పెద్దమ్మను మంచిగా చూసుకుంటామన్నారు. మా బావ అయితే, "మామా, ఇగ బండి నిమ్మళంగ నడుపుత" అని చెంపలు కూడా వేసుకున్నాడు. కాకి నమ్మలేదు. ఆయన బండి తోలే తీరు దానికి కూడా తెలిసినట్టుంది.

అప్పుడు బావ ఫోన్ తీసి కాకి కూతల వీడియో పెట్టాడు. కావుకావుమని ఆ ఫోన్ అరిచే అరుపులకు ఉన్న ఆ ఒక్క కాకీ లేచి పక్క తాటిచెట్టు మీదికి పోయింది.

"బందు పెట్టు అల్లుడా, నీ పుణ్యముంటది" అని చిన్నబాపు మొత్తుకున్నాడు. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగి, "వదినె, ఆవుకు పెడుదాం. ఆవు ముట్టినా ఒకటే, పిట్ట ముట్టినా ఒకటే. జనం ఆకలికి సచ్చిపోతాండ్రు" అన్నాడు.

పెద్దమ్మ అప్పటిదాకా కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆ మాటకు గట్టు మీదే చతికిలబడి ఏడవడం మొదలుపెట్టింది.

"ఆవుకెందుకు? నాకు ఎరుకే. నా మీద కోపంతోని పోయిండు. ముచ్చటపడి తెచ్చుకున్న పెట్టెను నేను ఇరగ్గొట్టిన. ఒక్క మాటనలే నన్ను. గని పొద్దూకితె గా పెట్టె దిక్కు సూస్కుంట గూసునేటోడు. కడుపుల పెట్టుకున్నడు. పానం ఉన్నన్నొద్దులు కడుపుల పెట్టుకున్నడు!"

అక్కడున్నవాళ్లంతా ఒక్కసారిగా నా వైపు తిరిగారు. వాళ్ల చూపులు నా మొహం మీద నుంచి నా సంచి మీదికి జారాయి. మా బావ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"బామ్మర్దీ, ఎట్లాగు వచ్చినవు గదా..."

"జర అనకు" అన్నాను.

అనలేదు. బండి మీద పోయి పెట్టెను తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ ముక్క కూడా చెప్పాలి, నాకు చిరాకు ఎంత ఉన్నా పెద్దమ్మ ఏడుపు చూశాక కాదనబుద్ధి కాలేదు. ఆమె ఏడిస్తే నాకు మా అమ్మ ఏడ్చినట్టే ఉంటుంది, అదే మొహం, అదే గొంతు.

తుమ్మచెట్టు నీడలో గోనెసంచి పరిచి కూర్చున్నాను. చుట్టూ జనం. డాక్టరు రోగి చెయ్యి పట్టుకున్నట్టు నేను ముందు చావి పట్టుకున్నాను. స్ప్రింగు తెగితే చావి ఎంత తిప్పినా బిగువు లేకుండా గిరగిరా తిరుగుతుంది. ఇది అసలు కదల్లేదు. రాయిలా బిగుసుకుని ఉంది. అంటే స్ప్రింగు తెగలేదు, నిండా చుట్టుకుని ఉంది. పక్కనున్న బ్రేకు మీట లాగాను. రికార్డు పెట్టే పళ్లెం కదలాలి, కదల్లేదు. వేలితో నెట్టాను. వెంట్రుకవాసి జరిగి ఆగింది.

"పెద్దమ్మా, స్ప్రింగు తెగలే. మంచిగున్నది" అన్నాను.

"మరెందుకు పాడ్తలేదు?"

"లోపలేదో పట్టుకున్నది."

పళ్లెం పైకి లాగి, మరలు విప్పి, మోటరును బయటికి తీశాను. తీసి ఆశ్చర్యపోయాను. పళ్లచక్రాలు కనిపించవు, వాటి స్థానంలో పసుపుపచ్చని ముద్ద ఉంది. మధ్యమధ్య ఎర్రటి చారలు. గోరుతో గీకితే కొబ్బరి చిప్ప గీకినట్టు రాలింది.

"ఇదేంది పెద్దమ్మా?"

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. "దసరకు నాగలికి పెడ్తం, కొడవలికి పెడ్తం, కుట్టుమిషన్‌కు పెడ్తం. దీనికి పెట్టకపోతె ఎట్ల? పసుపు కుంకుమ పెట్టిన. ఎండిపోతదని ఇంత ఆముదం గూడ పోసిన."

"బొట్టు పెట్టినవా, బోనం ఎత్తినవా?" అన్నాడు బావ.

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ పనిలో ఉన్నప్పుడు నాకు ఎదుటి మనిషి కనపడడు. "గిదే జబ్బు. ఆముదం, పసుపు గలిసి బంకగట్టినయ్. అందుకే ఆగింది" అని తీర్పు చెప్పేశాను. తలెత్తి చూస్తే పెద్దమ్మ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. స్ప్రింగు తెంపిన పాపం పోయి, పూజ చేసి చంపిన పాపం వచ్చి నెత్తిన కూర్చుంది.

"అంటె ఎట్లజూసినా నేనే గదా" అంది. అప్పుడు నా నాలుక కొరుక్కున్నాను.

ఇక దాన్ని నడిపించి తీరాలి. బావ బండిలోంచి పెట్రోలు తీయించి, పాత బ్రష్షు ముంచి, ఆ ముద్దనంతా కడిగాను. పెట్రోలు పసుపు కుంకుమలు కలిసి నా తెల్లచొక్కా మోచేతుల దాకా గంధం పూసుకున్నట్టయింది. టెంటులోంచి ఒక ముసలాయన వచ్చి, "ఇంకెంతసేపు నాయినా? పిట్ట ముట్టేటట్టున్నదా, మేం గూడ ఆయన ఎంట పోవాల్నా?" అని అడిగి వెళ్లాడు. పళ్లచక్రాలు ఇత్తడి రంగుకు వచ్చాయి. ఒక చక్రాన్ని వేలితో నెట్టాను.

కదల్లేదు.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నేను అనవసరంగా పసుపును ఆడిపోసుకున్నాను. టార్చి వేసి లోపలికి వంగి చూశాను. మోటరు చివర గవర్నరు ఉంటుంది. మూడు చిన్న సీసపు గుండ్లు గిర్రున తిరుగుతూ వేగాన్ని అదుపులో పెడతాయి. వాటిని ఆపితే మొత్తం మోటరే ఆగుతుంది. ఆ గుండ్లకూ ఇత్తడి బద్దకూ మధ్య నల్లగా ఏదో దూరి ఉంది. అది దానంతటది దూరేది కాదు. ఎవరో కొలిచి, చెక్కి, నొక్కి పెట్టారు.

కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని లాగాను. అది ఊడి చేతికి వచ్చిన మరుక్షణం, ఇన్నేళ్లుగా చుట్టుకుని ఉన్న స్ప్రింగు ఒక్క ఊపున విడుచుకుంది. గుండ్లు కందిరీగల్లా రొద చేస్తూ తిరిగాయి. మిగిలిన పసుపు పెట్రోలంతా ఎగిరి నా మొహాన పడింది. జనం ఓ అని వెనక్కి గంతేశారు. కళ్లు తుడుచుకుని నా చేతిలో ఉన్నది చూశాను. చిన్న వేపచెక్క. దాని చుట్టూ సైకిల్ ట్యూబు పట్టీ.

ఆ చెక్క ఎవరిదో అక్కడ తెలియని వాళ్లు లేరు. అందరూ దాని మీదే ఏదో ఒక రోజు తలుపు వేసుకున్నవాళ్లు, మంచం వాల్చుకున్నవాళ్లు. చిన్నబాపు మాత్రం గులేరు పైకెత్తి లేని కోతి కోసం ఆకాశంలో వెతుకుతున్నాడు.

పెద్దమ్మ ఆ చెక్కను అరచేతిలో పెట్టుకుని మళ్లీ ఏడ్చింది. "పాపం, నాకు తెల్వకుంట బాగుజేద్దామని సూసిండు కొడుకా. తన పద్ధతిల తను చెక్క పెట్టిండు. గదెట్ల నడుస్తది పాపం, పిచ్చి మనిషి!"

బావ ఏదో అనబోతే నేను కాలితో తన్నాను. మోటరుకు కొంచెం మిషన్ ఆయిల్ వేసి, పెట్టెలో బిగించి, పళ్లెం పెట్టి, రికార్డు పెట్టాను. డబ్బీలో ఒక సూది మిగిలి ఉంది. "చావి నువ్వే తిప్పు" అన్నాను పెద్దమ్మతో. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "నీ చేతితోనే తిప్పు. తెగదు, నాది జిమ్మేదారి" అన్నాను. మెల్లగా తిప్పింది. కీచుమని ఒక మూలుగు, గరగరమని ఒక చప్పుడు, ఆ వెనుక రాజుగారి రాగం పత్తిచేను మీదుగా సాగింది. అందరం కాకి వైపు చూశాం.

కాకి రాగం మొత్తం విన్నది. రాలేదు.

పెద్దమ్మ చావి మీదున్న చేతిని ఒళ్లో పెట్టుకుంది. "కోపం పోలే" అంది, అంతే. గట్టిగా కూడా అనలేదు. ఎప్పుడూ నాలుగిళ్ల అవతలికి వినపడే మనిషి మాట పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు.

చిన్నబాపు గులేరు కింద పడేశాడు. ఆయనకు షుగరు ఉంది, పొద్దున్నుంచి ఏమీ తినలేదు, పైగా ఎదురుగా ఇస్తారాకు. ఆకలికి ఒట్లు ఆగవు.

"వదినె, ఎవలకు జెప్పనని అన్నకేసిన ఒట్టు దప్పుతాన. అన్న నన్ను క్షమించాలె" అన్నాడు. "అన్న గది బాగుజెయ్యనీకె పెట్టలే. ఆపనీకె పెట్టిండు."

"ఎందుకు? పద్యం మంచిగ లేదా?"

"పద్యం మంచిగనే ఉన్నది వదినె. దానెంబడి నువ్వు పాడుతవు సూడు..."

చిన్నబాపు కళ్లు మూసుకుని గబగబా చెప్పేశాడు. "పొద్దుగాల్లనే శెవులు గడియలు పడ్తానయ్‌రా అన్నడు. నాలుగొద్దులు ఆపి మళ్ల తీసేద్దామనుకున్నడు. నువ్వేమొ నీ తప్పే అని ఏడ్సి, పాడుడే బందు పెడ్తివి. ఇగ తీస్తె దొరుకుతడాయె. ఇల్లంత సప్పగైందిరా, అది ఉన్నప్పుడే మంచిగుండె అని నాతోని మస్తు సార్లు బాధపడ్డడు. చెప్పరాదే అంటె, అమ్మో తిడ్తది అన్నడు."

పెద్దమ్మ లేచింది. కొంగు బొడ్లో దోపింది. నేరుగా ఇస్తారాకు ముందుకు పోయి నిలబడింది.

"ఓ ముసలోడా! నీ నోట్ల మన్నువడ! పాడొద్దంటె పాడకపోదునా? ఒక్క మాట జెప్పనీకె నీ నోరు వడిపోయిందా? దొంగతనం నువ్వు జేసి దొంగను నన్ను జేస్తివా? ఎన్ని దసరలు మొక్కిన నేను గా పెట్టెకు! నువ్వు పక్కనే నిలవడి కొబ్బరికాయ గొట్టినవు గదరా, సిగ్గు లేకుంట!"

తాటిచెట్టు మీద రెక్కల చప్పుడైంది. కాకి దిగి వచ్చింది. గట్టు మీద రెండు గంతులు వేసి, తల కొంచెం పక్కకు వంచి, పెద్దమ్మ కాళ్ల ముందున్న ఇస్తారాకులో మటన్ ముక్క పట్టుకుంది.

పెద్దమ్మ ఆగిపోయింది.

"ఆపకు వదినె! తిట్టు, తిట్టు!" అని చిన్నబాపు వెనుకనుంచి కేక పెట్టాడు. "గందుకోసమే సూస్తాండు!"

కానీ పెద్దమ్మకు తిట్లు రాలేదు. కన్నీళ్లు చెంపల మీదుగా కారుతుంటే అక్కడే కూర్చుండిపోయింది.

"తిను" అంది కాకితో. "బొక్కలున్నయ్, సూసి తిను."

టెంటులో ఇస్తారాకులు వేస్తున్న చప్పుడు వినపడింది. నేను మాత్రం కాసేపు అక్కడే కూర్చున్నాను, చొక్కాకు పసుపుతో. ఎవరికీ చెప్పలేదు కానీ నేనూ ఏడ్చాను. పెట్రోలు కళ్లలో పడిందని బావతో అన్నాను.

ఆ పూట అక్కడే ఉండిపోయాను. తెల్లారుతుండగా వాకిలి ఊడ్చిన చప్పుడు, చావి తిప్పిన చప్పుడు, రాజుగారి రాగం. దాని వెంటే పెద్దమ్మ. ఇన్నేళ్లు మానేసిన పాటంతా ఆ ఒక్క పొద్దున్నే తీర్చుకుంటున్నట్టు పాడింది. రాజు ఒక దారిన పోతే ఆమె ఇంకో దారిన పోయింది, ఆయన ఆగాక కూడా ఆమె ఆగలేదు. పైకప్పు మీది కోతులు దిగి వెళ్లిపోయాయి. దుప్పటి చెవుల దాకా లాక్కున్నాను. పెద్దబాపు మీద నాకు మళ్లీ గౌరవం పెరిగింది. ఎన్నేళ్లు ఓర్చుకున్నాడో మహానుభావుడు.

పక్క మంచం మీంచి చిన్నబాపు మెల్లగా నా వైపు జరిగాడు.

"కొడుకా" అన్నాడు గుసగుసగా. "గా చెక్కముక్క ఏడ పెట్టినవ్?"

అది నా చొక్కా జేబులోనే ఉంది. నిజం చెప్పాలంటే, ఆయన అడిగే సమయానికి నా చెయ్యి కూడా దాని మీదే ఉంది.

"పారేసిన చిన్నబాపు" అన్నాను. టీ కూడా తాగకుండా పరకాల బస్సెక్కి, దాన్ని నాతో జనగామ తెచ్చేసుకున్నాను.